నూట పదిహేను సెంటీమీటర్లు

బెర్మెయో రేవులో ఆ చలికాలం
మేం కట్టిన గ్రంథాలయానికి పునాది లేదు.
ఇసుక లారీ రాలేదు, తాపీ మోగలేదు.
ఏదో సర్వర్లో అద్దెకు తీసుకున్న ఖాళీ దీవి మీద
మంగళవారం మొదలుపెట్టి
శుక్రవారం పొద్దుగూకేసరికి కప్పు వేసేశాం.
గోడ నచ్చకపోతే వేలితో పక్కకు నెట్టాను.
స్తంభం పీకేస్తే కప్పు అలాగే గాలిలో నిలబడింది,
అలవాటు చావక నేనే ఒకడుగు వెనక్కి వేశాను.

నా పేరు గార్బిన్యె.
ముప్పై ఏళ్ళుగా కట్టడాలు గీస్తున్నాను.
ఊరివాళ్ళు నా ప్లాను కాగితం తలకిందులుగా పట్టుకుని కూడా
అర్థమైనట్టే తలూపేవారు.
ఈసారి "లోపలికి రండి" అన్నాను.

వచ్చారు.
చేపల వేలం పాడే కోల్డో వెండి కవచం తొడుక్కొచ్చాడు.
పురపాలక సంఘం లెక్కల గుమాస్తా
నక్కతోక తొక్కడం కాదు, తగిలించుకునే వచ్చాడు.
వలలు బాగుచేసే అక్కాచెల్లెళ్ళు పొరపాటున ఒకే ముఖం ఎంచుకుని
ఎవరెవరో తెలీక వాళ్ళలో వాళ్ళే తగువులాడుకున్నారు.

మెట్లు మాత్రం ఎవరూ ఎక్కలేదు.
ఎగరడం వచ్చినవాడికి మెట్లతో ఏం పని?
నెల్లాళ్ళు తిప్పలుపడి గీసిన మెట్లు,
ఒక్కోటీ పదహారున్నర సెంటీమీటర్ల ఎత్తు,
పెళ్ళివారు రాని విడిదిలా పడున్నాయి.
పైనుంచి వేలాడుతూ చూసి
అందరూ బాగుందన్నారు.
గద్దలకు గానీ కట్టానా అనిపించింది.

నెకానె కిందే ఉంది.
పడవ మీద కాలు జారిన ఏడాది నుంచి
బయట ఆమెది చక్రాల కుర్చీ.
అందుకని మా ఆఫీసు కుర్రాడు
పొడవాటి కాళ్ళున్న బొమ్మను ప్రత్యేకంగా చేసిపెట్టాడు.
మంచిపనే చేశామనుకున్నాం.
ఆ కాళ్ళను ఒక నిమిషం చూసుకుంది,
రెండు గంతులు కూడా వేసింది, నవ్వింది.
తర్వాత గొంతు సవరించుకుని
"ఎగరడం ఆపెయ్" అంది,
"అందరికీ.
చూపు నూట పదిహేను సెంటీమీటర్లకు దించు.
అందరిదీ."

ఒక్క మీట.
వెండి కవచం దబ్బున నేల మీదికొచ్చింది.
నక్కతోక గచ్చు ఊడ్చింది.
పుస్తకాలిచ్చే బల్ల గోడైపోయింది,
దాని వెనక మనిషున్నదీ లేనిదీ తెలీదు.
సముద్రం కోసం పెట్టిన కిటికీ,
పోటీకి పంపుదామని నేను ఫోటో కోణం కూడా చూసుకున్న కిటికీ,
ఉత్త ఆకాశం చూపిస్తోంది.
నాలుగో అర పైవన్నీ
అందని మానిపళ్ళు.
చాలాసేపు చెవుల్లో కోల్డో ఊపిరొక్కటే.
"మరి మెట్లు?" అన్నాడు చివరికి.
అప్పుడు చూశారు వాటిని, మొట్టమొదటిసారి.

వాలుదారి గీశాను, పన్నెండుకు ఒకటి, నిబంధనల పుస్తకం ప్రకారం.
దాని మీద కుర్చీ బొమ్మ నున్నగా పైకిపోయింది.
"ఇక్కడ చేతులు నొప్పెట్టవు కదా" అంది నెకానె,
"వాన కూడా లేదు."
మర్నాడు సన్నటి తుంపరలో,
మావాళ్ళు సిరిమిరి అంటారు దాన్ని,
చేపల మార్కెట్ వాలు మీదికి తీసుకెళ్ళింది.
తడి చక్రం, ఉప్పు చార, భుజాల వణుకు.
గడియారం పట్టుకుని పక్కన నడిచాను.
సాయం పట్టబోతే చెయ్యి తోసేసింది.
పదహారుకు ఒకటి, అని తడిసిన చీటీ మీద రాసుకున్నాను.
ఏ సర్వరూ చెప్పని అంకె అది.

ఇప్పుడు రేవులో అసలు గ్రంథాలయం ఉంది.
కిటికీ మోకాలి ఎత్తు నుంచే మొదలవుతుంది.
నిలబడి చూసేవాళ్ళు కొందరు
ఇదేం కిటికీ అని గొణుగుతారు. గొణగనీ.

దీవి అద్దె నిన్నటితో చెల్లు.
మూసేముందు ఒక్కదాన్నే వెళ్ళాను.
పాత నకలు ఒకటి చెరిపేయకుండా మూల మిగిలింది,
నా మెట్లతో సహా.
ఎగరలేదు.
ఒక్కో మీటకు ఒక్కో మెట్టు, ఇరవైరెండూ ఎక్కాను.
అడుగుల చప్పుడు పెట్టడం
మరిచిపోయామని అప్పుడు తెలిసింది.